ఒక్క అక్షరానికి పద్దెనిమిది బైట్లు

*ఇంగ్లీషులో చక్కగా నడిచే చిన్న కోడ్ ముక్కలు తెలుగు పేర్ల దగ్గర ఎందుకు తడబడతాయి? వెబ్ డెవలపర్లు చేయవలసింది ఎంత?*

ఫొటో పెట్టుకోని వాళ్ల పేరు పక్కన చాలా యాప్‌లు ఓ రంగు గుండ్రం చూపిస్తాయి. అందులో పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. పేరు తెలుగులో రాసుకున్నప్పుడు తేడా బయటపడుతుంది. శ్రీనివాస్‌కు ‘శ’ వస్తుంది. కృష్ణకు ‘క’ వస్తుంది. జ్యోతికీ, జానకికీ, జీవన్‌కీ ఒకటే ‘జ’. శ్రీనివాస్‌లో మొదటి అక్షరం ‘శ్రీ’ అని రెండో తరగతి పిల్లలు కూడా చెబుతారు. యాప్ మాత్రం ‘శ’ దగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. ఫారంలో పేరు తెలుగులో టైపు చేస్తే ‘సరైన పేరు రాయండి’ అని ఎర్రగా వస్తుంది. వార్తా శీర్షిక నోటిఫికేషన్‌లో సగం అక్షరం దగ్గర తెగిపోతుంది. ఇంగ్లీషులో ఒక్క ఎస్సెమ్మెస్‌లో ఇమిడే సమాచారం తెలుగులో రెండు మూడు ఎస్సెమ్మెస్‌లవుతుంది. కళ్లెదుట ‘హైదరాబాద్’ అని ఉన్నా, అదే మాట టైపు చేసి వెతికితే దొరకదు.

పైకి వేర్వేరు లోపాల్లా ఉన్నా వీటిలో చాలావాటి మూలం ఒక్కటే. వెబ్ డెవలపర్ల రోజువారీ పని చాలావరకు స్నిపెట్లు అనే చిన్న చిన్న కోడ్ ముక్కలతోనే సాగుతుంది: మాటను కత్తిరించడానికి ఒక వరస, పేరు సరిచూడడానికి ఒక వరస, రెండు మాటలను పోల్చడానికి ఇంకో వరస. ఒకరు రాసింది పదిమంది తీసుకుంటారు, ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టుకు మోసుకెళ్తారు. ఆ వరసలన్నీ ఏదో ఒకటి లెక్కపెడతాయి. అవి లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాలను కాదు.

## కంప్యూటర్ దేన్ని లెక్కపెడుతుంది?

1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంలో మొత్తం 128 స్థానాలే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని నియంత్రణ సంకేతాలు అన్నీ వాటిలోనే సర్దుకున్నాయి. అక్కడ ఒక అక్షరం అంటే ఒక సంఖ్య, ఒక సంఖ్య అంటే ఒక బైటు. చదివే మనిషి లెక్కా, దాచే యంత్రం లెక్కా ఒకటే కావడంతో రెండూ వేర్వేరు కావచ్చన్న ఆలోచన చాలామంది ప్రోగ్రామర్లకు రాలేదు.

1991లో మొదలైన యూనికోడ్ తెలుగుకు విడిగా 128 స్థానాలు కేటాయించింది. ఆస్కీ మొత్తం ఎంతో అంత. ఇప్పుడు వాటిలో సుమారు వంద నిండాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు, పొల్లు గుర్తు వాటిలో ఉన్నాయి. వత్తులు లేవు. ‘త్ర’ కావాలంటే ‘త’, పొల్లు, ‘ర’ మూడూ వరసగా దాస్తారు. తెరమీద చూపించే సాఫ్ట్‌వేర్ ఆ మూడింటినీ కలిపి ఒక్క సంయుక్తాక్షరంగా గీస్తుంది.

ఒక గూడ్సు బండిని ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ‘స్త్రీ’ అనే బండికి స, త, ర అనేవి మూడు వ్యాగన్లు. వాటిని కలిపే రెండు కప్లింగులు పొల్లు గుర్తులు. చివర తగిలించిన గార్డు పెట్టె గుడి దీర్ఘం. మొత్తం ఆరు భాగాలు. ఇప్పుడు ఒక్కో భాగం కింద మూడేసి ఇరుసులు ఉన్నాయనుకోండి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి ‘ఒక బండి వెళ్లింది’ అంటాడు. భాగాలు లెక్కపెట్టేవాడు ఆరు అంటాడు. పట్టాల పక్కనున్న ఇరుసుల మీటరు పద్దెనిమిది చూపిస్తుంది. ముగ్గురూ నిజమే చెప్పారు.

ఆ ఇరుసులే బైట్లు. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలోనే నేటి వెబ్ దాదాపు మొత్తం నడుస్తోంది. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు. బండి భాగాల్ని యూనికోడ్ భాషలో కోడ్ పాయింట్లు అంటారు. ప్లాట్‌ఫారం మీది మనిషి చూసే మొత్తం బండిని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను రాసినప్పుడు, యూనికోడ్‌లోని ప్రతి గుర్తూ పదహారు బిట్లలో ఇముడుతుందన్నది అప్పటి అంచనా. జావాస్క్రిప్ట్‌లో ‘లెంగ్త్’ అని అడిగితే నేటికీ ఆ పదహారు బిట్ల ముక్కల లెక్కే చెబుతుంది. తెలుగులో అది కోడ్ పాయింట్ల లెక్కతో సమానం. ఎమోజీల దగ్గర అదీ కుదరదు. నవ్వే ముఖం ఒక్కటే అయినా లెంగ్త్ 2 అంటుంది. అమ్మ, నాన్న, కూతురు ఉన్న కుటుంబం ఎమోజీకి 8 అంటుంది.

> ‘స్త్రీ’ పొడవు ఎంత?
>
> - చదివే మనిషి లెక్కలో: 1
> - జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కలో: 6
> - యూటీఎఫ్-8 బైట్లలో: 18
> - వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో రాసినప్పుడు: 54
>
> చివరిది ఎందుకంత పెద్దదంటే, చిరునామాలో ప్రతి బైటునూ ఒక శాతం గుర్తు, రెండు సంకేతాలుగా రాస్తారు. తెలుగు వికీపీడియా లింకు కాపీ చేసి ఇంకోచోట పెడితే చాంతాడంత అయ్యేది అందుకే.

## కత్తిరించే చోట

‘ముప్పై అక్షరాలు చూపించి, తర్వాత మూడు చుక్కలు పెట్టు’ అనేది వెబ్‌లో ఎక్కడ చూసినా కనిపించే స్నిపెట్. ఇది ముప్పయ్యో భాగం దగ్గర కత్తి పెడుతుంది. అక్కడ కప్లింగ్ ఉందా, వ్యాగన్ ఉందా అని చూడదు. ‘స్త్రీ’ని మూడో భాగం తర్వాత తెంపితే ‘స్త’ మిగులుతుంది, నాలుగో భాగం తర్వాత తెంపితే ‘స్త్’ మిగులుతుంది. రెండూ తప్పే. మాటను తిరగేసే స్నిపెట్ కూడా అంతే. ‘తెలుగు’ను తిరగేస్తే మొట్టమొదట కొమ్ము వచ్చి నిలబడుతుంది. దాన్ని మోసే హల్లు లేనందువల్ల తెరమీద చుక్కల వలయం కనిపిస్తుంది.

దీనికి మందు బ్రౌజర్లలోనే ఉంది. సెగ్మెంటర్ అనే సదుపాయం జావాస్క్రిప్ట్‌లో భాగం. క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2021లో, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్‌లో చేరింది. భాష తెలుగు అని, గ్రాఫీమ్‌ల వారీగా విడదీయమని చెప్పి మాటను దానికి అందిస్తే ముక్కలు చేసి ఇస్తుంది. గుండ్రంలో పెట్టాల్సింది అందులో మొదటి ముక్క. శీర్షిక కత్తిరించాల్సింది ఆ ముక్కల లెక్కన.

ఇక్కడో సూక్ష్మం ఉంది. చాలా ఏళ్లపాటు యూనికోడ్ సాధారణ నియమం పొల్లు దగ్గర విడదీయడానికి ఒప్పుకునేది. ఆ లెక్కన ‘స్త్రీ’ మూడు ముక్కలు: స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 దీన్ని మార్చింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడదీయకూడదన్న నియమం చేర్చింది. ఆ నియమం అందుకున్న బ్రౌజర్లలో ‘స్త్రీ’ ఒక్కటే ముక్క. పాత ఫోన్లలో ఇంకా మూడు రావచ్చు.

కాబట్టి జాగ్రత్తపరుడైన డెవలపర్ ఇంకో రెండు వరసలు జోడిస్తాడు. ముక్క చివర పొల్లు ఉండి, తర్వాతి ముక్క తెలుగు హల్లుతో మొదలైతే ఆ రెంటినీ కలిపేయాలి. ‘శ్రీనివాస్ గారు’ అన్నప్పుడు ‘స్’ తర్వాత ఉన్నది ఖాళీ కాబట్టి కలవదు. ‘శ్’ తర్వాత ‘రీ’ ఉంది కాబట్టి కలుస్తుంది. ఈ ఒక్క షరతుతో పాత ఫోన్లలోనూ ‘శ్రీ’ నిలుస్తుంది.

ఎస్సెమ్మెస్ సంగతి వేరు. అక్కడ పరిమితి నెట్‌వర్క్‌ది. ఒక సందేశంలో 140 బైట్ల చోటుంది. ఇంగ్లీషు గుర్తులకు ఏడు బిట్లు చాలు కనుక 160 పడతాయి. తెలుగుకు పదహారు బిట్లు కావాలి కనుక 70 పడతాయి. సందేశం పొడవై భాగాలుగా వెళ్తే, భాగాలను అతికించే సమాచారం కొంత చోటు తీసుకుని ఒక్కో భాగానికి 67 మిగులుతాయి. 150 కోడ్ పాయింట్ల తెలుగు సందేశం అంటే మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు. సందేశం రాసే పెట్టె కింద మిగిలిన చోటు చూపించేటప్పుడు ఈ లెక్కే వాడాలి, సెగ్మెంటర్ లెక్క కాదు. ఏ పనికి ఏ కొలత అన్నది ముందే తేల్చుకోవాలి.

## ‘రమ’ పాసు, ‘రాము’ ఫెయిలు

పేరు పెట్టెలో వచ్చినవి అక్షరాలేనా అని చూసే స్నిపెట్ చాలాచోట్ల ‘ఏ నుంచి జెడ్ వరకు’ అన్న పాత నియమంతో ఉంటుంది. అది తెలుగు పేర్లన్నిటినీ తిప్పి పంపుతుంది. 2018లో జావాస్క్రిప్ట్‌కు మెరుగైన దారి దొరికింది. యూనికోడ్ ప్రతి గుర్తుకూ ఒక వర్గం కేటాయించింది. ‘ఏ భాషదైనా సరే, లెటర్ వర్గానికి చెందితే చాలు’ అని ఇప్పుడు నియమం రాయవచ్చు.

అది రాసి, ‘రమ’ అని టైపు చేసి చూస్తే పనిచేస్తుంది. కమల, వనజ కూడా దాటుతాయి. ‘రాము’ దాటదు. హల్లులు లెటర్ వర్గంలో ఉన్నాయి, గుణింతపు గుర్తులూ పొల్లూ మార్క్ అనే మరో వర్గంలో ఉన్నాయి. దీర్ఘమో కొమ్మో తగిలిన ప్రతి పేరూ అక్కడ ఆగిపోతుంది. లెటర్‌తోపాటు మార్క్ వర్గాన్నీ, ఖాళీనీ, చుక్కనూ అనుమతిస్తే ‘కె. రాము’ కూడా హాయిగా దాటుతాడు.

పేరు దాటాక డేటాబేసు దగ్గర ఇంకో గేటు ఉంటుంది. కొన్ని డేటాబేసులు పెట్టె పరిమాణాన్ని గుర్తుల్లో కొలుస్తాయి. ఒరాకిల్‌లో విడిగా చెప్పకపోతే కొలత బైట్లలోనే. లక్ష్మీనారాయణ పేరు ఇంగ్లీషు లిపిలో రాస్తే 15 బైట్లు. తెలుగులో ఆరు అక్షరాలే, కానీ 13 కోడ్ పాయింట్లు, 39 బైట్లు. పేరుకు 30 చాలనుకుని పెట్టె కట్టిన చోట ఈయన పేరు పట్టదు.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో మెలిక. అందులో ‘యూటీఎఫ్8’ అన్న పాత పేరుతో ఉన్నది మూడు బైట్ల దాకానే దాచగలదు. తెలుగు మూడు బైట్లే కనుక పరీక్షల్లో అంతా బాగానే ఉంటుంది. ఎవరో తెలుగు వాక్యం చివర నాలుగు బైట్ల ఎమోజీ పెట్టిన రోజున ఆ వాక్యం దాఖలు కాదు. నాలుగు బైట్లూ దాచే ‘యూటీఎఫ్8ఎంబీ4’ 2010 నుంచి ఉంది. 2018లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో అదే సహజ అమరిక అయింది. పాత డేటాబేసులను మాత్రం చేత్తో మార్చుకోవాలి.

## రెండు హైదరాబాద్‌లు

తెలుగులో ఐత్వం గుర్తుకు యూనికోడ్‌లో ఒక స్థానం ఉంది. అదే గుర్తును రెండు భాగాలుగా, అంటే ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు వత్తుగా కూడా దాచవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ స్వయంగా ప్రకటించింది. తెలుగు గుర్తుల్లో ఇలాంటిది ఇదొక్కటే.

అంటే ‘హైదరాబాద్’ ఒకచోట 9 కోడ్ పాయింట్లు, ఇంకోచోట 10 కావచ్చు. తెరమీద తేడా కనబడదు. ‘ఈ రెండూ ఒకటేనా’ అని జావాస్క్రిప్ట్‌ను అడిగితే కాదంటుంది. సాధారణ కీబోర్డులు ఒక్క గుర్తునే పంపుతాయి. విడగొట్టిన రూపం వేరే దారుల్లో వస్తుంది. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ ఫైళ్ల పేర్లను విడగొట్టే దాచేది. అక్కడి నుంచి అప్‌లోడ్ అయిన ఫైలు పేరును మామూలుగా టైపు చేసి వెతికితే దొరక్కపోవడానికి అదొక కారణం. 2015 నుంచి జావాస్క్రిప్ట్‌లో ఉన్న ‘నార్మలైజ్’ అనే ఒక్క పిలుపు రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. దాచే ముందు ఒకసారి, వెతికే మాటకు ఒకసారి దాన్ని వాడితే చాలు.

కనబడని గుర్తు మరొకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా మధ్యలో నాన్‌జాయినర్ అనే వెడల్పు లేని గుర్తు పెడతారు. ‘ఫేస్‌బుక్’లోనూ అదే. ‘కనబడని చెత్త గుర్తులను తుడిచేయి’ అనే స్నిపెట్ ఒకటి బాగా చలామణిలో ఉంది. అది దీన్నీ తుడిచేస్తుంది. అప్పుడు ‘సాఫ్ట్వేర్’ అని అచ్చవుతుంది.

తుడవకపోతే వెతుకులాటలో చిక్కు. కొందరు ఆ గుర్తు పెట్టి టైపు చేస్తారు, కొందరు పెట్టరు. పరిష్కారం ఏమిటంటే రాసినవాళ్లు రాసిన రూపాన్ని చెక్కుచెదరకుండా దాచాలి. వెతకడానికి విడిగా ఒక నకలు చేసి, అందులో మాత్రం నాన్‌జాయినర్ తీసేయాలి. వెతికే మాటకూ అదే వర్తింపజేయాలి. పేరు పెట్టె నియమంలోనూ దీనికి అనుమతి ఉండాలి.

## తెరమీద గీసే చోట

కోడ్ పాయింట్ల వరసను అక్షర రూపాలుగా మార్చే పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, ఆపిల్ పరికరాల్లో కోర్‌టెక్స్ట్ ఈ పని చేస్తాయి. ఇది ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, నాన్‌జాయినర్, దీర్ఘం వరసగా ఉన్న ఒక్క తెలుగు సంయుక్తాక్షరం వస్తే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ మూతపడింది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ కూడా పడిపోయింది. మ్యాక్‌లకూ, ఆపిల్ వాచీలకూ ఇదే గతి పట్టింది. లోపం కోర్‌టెక్స్ట్ మెమరీని వాడుకునే తీరులో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. ‘జ్ఞానం’ తెలుగువాళ్లు రోజూ రాసే మాటే. విడుదలకు ముందు పరీక్షించిన మాటల్లో నాన్‌జాయినర్‌తో కూడిన ఆ వరస ఉండి ఉంటే సంగతి అక్కడే బయటపడేది.

అంత పెద్ద లోపాలు డెవలపర్ చేతిలో లేవు. చిన్నవి ఉన్నాయి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటిస్తే చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతును ఎంచుకోగలుగుతుంది. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడంలో ‘రాష్ట్రం’ లాంటి మాటల కింది వత్తులు తెగిపోతాయి. అక్షరం ఎత్తుకు కనీసం 1.6 రెట్లు ఎడం ఇస్తే ఊపిరాడుతుంది. పేజీ వేగంగా తెరుచుకోవడానికి ఫాంటును కుదించే పరికరాలు వాడేటప్పుడు, వత్తులను కలిపే నియమాల పట్టికలు ఫాంటులోనే ఉంటాయని గుర్తుంచుకోవాలి. అవి కొట్టుకుపోతే సంయుక్తాక్షరాలన్నీ పొల్లులతో విడిపోయి కనిపిస్తాయి.

> పాడైన తెలుగును గుర్తుపట్టడం
>
> ఒక్కోసారి తెలుగు ఉండాల్సిన చోట తలపై గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన ° లేదా ± వరసగా కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును పాత పాశ్చాత్య సంకేత పద్ధతిలో చదివారని దాని అర్థం. తెలుగు గుర్తుల మొదటి బైటు ఎప్పుడూ ఒక్కటే, అదే ఆ ‘ఏ’. రెండో బైటు అచ్చులకూ హల్లులకూ ° అవుతుంది, పొల్లుకూ చాలా గుణింతపు గుర్తులకూ ± అవుతుంది.
>
> ఇలా ఉంటే బైట్లు చాలావరకు క్షేమమే. పేజీ మొదట్లో, సర్వర్ జవాబులో యూటీఎఫ్-8 అని ప్రకటిస్తే చదవగలం. ఎక్సెల్‌లో తెరిచే సీఎస్‌వీ ఫైలు మొదట బైట్ ఆర్డర్ మార్క్ అనే గుర్తు జోడిస్తే అక్కడా సరిపోతుంది.
>
> తెలుగు స్థానంలో అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అసలు బైట్లు పోయినట్టే. బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమే మార్గం.

## పనిలో భాగం చేసుకోవాలంటే

ఇవన్నీ ప్రతిసారీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. అక్కర్లేదు కూడా. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్లలో సొంత స్నిపెట్లు దాచుకునే వీలుంది. మొదటి అక్షరం తీసేది, కత్తిరించేది, పేరు సరిచూసేది, వెతుకులాట నకలు చేసేది: ఈ నాలుగూ ఒక్కసారి శ్రద్ధగా రాసి పెట్టుకుంటే ప్రతి ప్రాజెక్టుకూ పనికొస్తాయి. ఒక్కోదాని పైన ‘ఇది లెక్కపెట్టేది బైట్లా, కోడ్ పాయింట్లా, అక్షరాలా’ అని ఒక వరస వ్యాఖ్య రాస్తే తర్వాత వచ్చేవాళ్లకు శ్రమ తగ్గుతుంది.

ఎమోజీలు వచ్చాక ఈ మరమ్మతు తెలుగువాళ్లకే పరిమితం కాలేదు. కుటుంబం ఎమోజీని మధ్యలో తెంపని స్నిపెట్ చాలావరకు ‘స్త్రీ’ని కూడా తెంపదు. అందుకే ఈ మార్పులను ‘ప్రాంతీయ భాషల పని’గా పక్కన పెట్టనక్కర్లేదు. ఏ బృందంలోనైనా నాణ్యత కోసం చేసే మామూలు పనిగానే అడగవచ్చు.

> పరీక్షకు ఏడు మాటలు
>
> 1. రమ, రాము: పేరు నియమం ఇద్దరినీ దాటనివ్వాలి.
> 2. శ్రీనివాస్: గుండ్రంలో ‘శ్రీ’ రావాలి.
> 3. లక్ష్మీనారాయణ: డేటాబేసులో పూర్తిగా పట్టాలి.
> 4. హైదరాబాద్, రెండు రూపాల్లో: ఒకటి వెతికితే రెండూ దొరకాలి.
> 5. సాఫ్ట్‌వేర్, నాన్‌జాయినర్ ఉన్నదీ లేనిదీ: వెతుకులాటలో రెండూ దొరకాలి, దాచినది మారకూడదు.
> 6. చివర ఎమోజీ ఉన్న తెలుగు వాక్యం: దాచి తిరిగి తెచ్చినప్పుడు చెక్కుచెదరకూడదు.
> 7. రాష్ట్రం: కింది వత్తులు తెగకుండా కనిపించాలి.

ఈ ఏడింటినీ ప్రాజెక్టులో ఒక ఫైలుగా పెట్టి, కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు వాటంతటవే నడిచేలా అమర్చుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలోనూ, విదేశాల్లోనూ వెబ్‌సైట్లు కడుతున్న తెలుగు డెవలపర్లు ఎందరో ఉన్నారు. మీరూ వాళ్లలో ఒకరైతే, మీ తర్వాతి విడుదలకు ముందు మీ తెలుగు పేరునే మీ సైటు ఫారంలో ఒకసారి టైపు చేసి చూడండి. ఆగిపోతే, ఎక్కడ ఆగిందో పైన చెప్పిన లెక్కల్లో వెతకండి. సరిచేసిన ముక్కను పక్క సీటు వాళ్లకూ ఇవ్వండి.